లీజర్ పీరియడ్ చదువు

విశాఖపట్నంలో మల్కాపురం అంటే ఒక పక్క రిఫైనరీ గొట్టాలు, ఇంకో పక్క షిప్‌యార్డు క్రేన్లు. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో సింధియా కంపెనీ తరఫున ఇక్కడ ఓడలు కట్టే పని మొదలుపెట్టాడు. 1948లో నెహ్రూ వచ్చి 'జల ఉష'ను నీళ్లలోకి దించాడు. కంపెనీ పోయి హిందుస్థాన్ షిప్‌యార్డు వచ్చినా ఆ చోటును జనం ఇప్పటికీ సింధియా అనే అంటారు. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ లేచింది, తర్వాత అదే హెచ్‌పీసీఎల్ అయింది. ఈ చుట్టుపక్కల పేటల్లో ఐటీఐ పూర్తిచేసిన కుర్రాడు ఏ ఫ్యాక్టరీ గేటు దాటాలన్నా మొదట అప్రెంటిస్‌గానే దాటుతాడు. 1961 నుంచీ దానికో చట్టమే ఉంది. సీనియర్ వెల్డరు పక్కన నిలబడాలి, చూడాలి, పాడు చెయ్యాలి, తిట్లు తినాలి. ఆ తర్వాతే అతనికి సొంతంగా పని ఒప్పజెప్పుతారు.

అదే పేటలో పుట్టిన ఒక అమ్మాయి రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేసి డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరిందనుకోండి. మొదటి రోజు ఆమె చేతికి టైంటేబుల్ కాగితం, హాజరు పట్టీ, ఒక మార్కర్ ఇస్తారు. అరగంట గడిచేసరికి ఆమె అరవై మంది పిల్లల ముందు నిలబడి ఉంటుంది. ఎవరి పక్కనా నిలబడి చూడలేదు. ఎవరూ వచ్చి ఆమెను చూడరు కూడా.

ఇందులో ఆ కాలేజీ తప్పేమీ లేదు. దేశమంతటా పద్ధతే ఇది. రెండో తరగతి పిల్లలకు అక్షరాలు నేర్పాలంటే డీఎడ్ కావాలి, హైస్కూల్లో చెప్పాలంటే బీఎడ్ కావాలి. డిగ్రీకి, పీజీకి చెప్పేవారికి మాత్రం సబ్జెక్టులో పట్టు ఉంటే చాలు. అర్హత పరీక్షలైన నెట్ గానీ సెట్ గానీ ప్యాసవ్వాలి, లేదా పీహెచ్‌డీ ఉండాలి. మన రాష్ట్రంలో ఆ సెట్ పరీక్ష నడిపేది విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయమే. అందులో మొదటి పేపరులో 50 ప్రశ్నలుంటాయి, వాటిలో కొన్ని బోధనా సామర్థ్యం మీద. నాలుగు జవాబుల్లో సరైనదాన్ని గుర్తిస్తే సరిపోతుంది. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఆ విషయం మీద మళ్లీ పరీక్ష లేదు.

మరి వీళ్లు పాఠం చెప్పడం ఎక్కడ నేర్చుకుంటున్నారు?

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లో బడి పంతుళ్ల మీద రాసిన పుస్తకంలో దీనికి ఒక జవాబు చెప్పాడు. ప్రతి టీచరూ అంతకుముందు ఏళ్ల తరబడి విద్యార్థిగా బెంచీ మీద కూర్చుని టీచర్లను చూసే ఉంటాడు. తెలియకుండానే అదొక అప్రెంటిస్‌షిప్. చిక్కేమిటంటే, బెంచీ మీద నుంచి చూసేవాడికి బోర్డు మీద జరిగేదే కనిపిస్తుంది. ఆ ఉదాహరణే ఎందుకు ఎంచుకున్నారు, అక్కడే ఎందుకు ఆగారు, ఏది కావాలని వదిలేశారు అన్నది కనిపించదు. అందుకే చాలామంది కొత్త లెక్చరర్లు తమకు నచ్చిన ఒక మాస్టారిని అనుకరిస్తూ మొదలుపెడతారు. ఆయన గొంతు వస్తుంది, ఆయన నోట్సు వస్తుంది. ఆయన ఆలోచన రాదు.

రెండో జవాబు స్వీడన్ నుంచి వచ్చింది. 1666లో పుట్టిన లుండ్ విశ్వవిద్యాలయంలో తోర్గ్నీ రోక్సో, కతరీనా మార్టెన్‌సన్ అనే ఇద్దరు, అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే విభాగంలో పనిచేసేవారు. బోధన గురించి మీరు నిజంగా మనసు పెట్టి ఎవరితో మాట్లాడతారు, ఎంతమందితో, ఎక్కడ అని వాళ్లు తమ సహోద్యోగులనే అడిగారు. 2009లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పెద్ద డిపార్టుమెంటులో ఉన్నా సరే, ఒక్కొక్కరు చెప్పిన పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ మాటలు సమావేశాల్లో జరగవు, చాటుగా జరుగుతాయి. ఎదుటివాళ్ల మీద నమ్మకం ఉంటేనే జరుగుతాయి. ఊరికే సాధకబాధకాలు చెప్పుకోవడంతో ఆగక బుర్రకు పని పెట్టే స్థాయికి వెళ్తాయి. ఆ కొద్దిమందిలో కొందరు అసలు ఆ కాలేజీ వాళ్లే కారు: వేరే ఊళ్లో పనిచేస్తున్న పాత స్నేహితులు, ఇంట్లోవాళ్లు. మాట్లాడుకోవడాన్ని మెచ్చుకునే వాతావరణం ఉందని చెప్పినవాళ్లకు మాత్రం డిపార్టుమెంటులోపలే ఎక్కువమంది దొరికారు.

సమాజంలో మనిషి ప్రవర్తనను నాటకంతో పోల్చి, వేదిక ఒకటీ తెరవెనుక ఒకటీ ఉంటాయని ఎర్వింగ్ గాఫ్‌మన్ ఎప్పుడో అన్నాడు. ఆ మాటనే ఈ ఇద్దరూ తీసుకున్నారు. క్లాసు రూము, సెమినారు హాలు వేదికలైతే, బోధన గురించి అసలు మాట తెరవెనుక నడుస్తోందన్నమాట.

మన దగ్గర ఆ తెరవెనుక పేరు స్టాఫ్ రూమ్. ఇంకా సరిగ్గా చెప్పాలంటే స్టాఫ్ రూములో లీజర్ పీరియడ్.

ఈ మాటలు ఎలా ఉంటాయో ఫిజిక్సు లెక్చరర్ల ఉదాహరణతో చూద్దాం. డిగ్రీ మొదటి సంవత్సరం, విద్యుత్తు పాఠం.

"మాస్టారూ, సిరీసు, పేరలల్ అయిపోయిందా? మీ పిల్లలకి ఎక్కిందా?"

"లెక్కలు టకటకా చేసేస్తన్నారు మేడమ్. నిన్న రెండు బల్బులు పట్టుకెళ్లి చూపించాను. ఏది ఎక్కువ వెలుగుతాదని అడిగితే తెల్లమొహం వేశారు."

ఇక్కడిదాకా ఇది మామూలు ఫిర్యాదే. పిల్లలకు బేసిక్సు లేవు, ఇంటర్‌లో బట్టీ పట్టారు అనుకుని టీ తాగేసి లేచిపోవచ్చు. ఎక్కువసార్లు అలాగే లేచిపోతారు కూడా. కానీ ఆమె ఇంకొక ప్రశ్న వేసిందనుకోండి: "ఏది ఎక్కువ వెలుగుతుందన్నారు వాళ్లు?" అతను గుర్తు తెచ్చుకుంటాడు. బ్యాటరీకి దగ్గరగా ఉన్న బల్బే ఎక్కువ వెలుగుతుందని చాలామంది అన్నారు. ఎందుకన్నారు? మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుని, మిగిలింది రెండోదానికి పంపుతుందని వాళ్ల లెక్క. అంటే వాళ్లకు ఏమీ తెలియకపోవడం కాదు జరిగింది. వాళ్ల దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. తప్పుడు సిద్ధాంతమే, కానీ గట్టిది, ఓం సూత్రం బట్టీ పట్టినా చెరగనంత గట్టిది.

మన కుర్రాళ్ల ప్రత్యేకత అనుకోవడానికి వీల్లేదు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మాట్ బృందం సరిగ్గా ఇలాంటి బల్బుల ప్రశ్ననే చాలామంది విద్యార్థులకు ఇచ్చి చూసింది. పాఠం విన్నాక కూడా సరైన జవాబు చెప్పి కారణం ఇచ్చినవాళ్లు చాలా తక్కువ. 1992లో వాళ్లు ఆ సంగతి ప్రచురించారు. అది అచ్చయిన పత్రిక మన డిగ్రీ కాలేజీ లైబ్రరీకి రాదు. కానీ ఆ పరిశోధనలో తేలిన ముఖ్యమైన సంగతి, 'వాళ్లు ఏమన్నారు?' అన్న ఒక్క ప్రశ్నతో లీజర్ పీరియడ్‌లోనూ బయటపడగలదు. మర్నాడు ఆయన క్లాసులో లెక్క ఇవ్వడం ఆపి ముందు ఊహించి చెప్పమంటాడు, ఆ తర్వాతే స్విచ్చి వేస్తాడు. ఆ సాయంత్రం ఆమెకు వచ్చి ఏం జరిగిందో చెబుతాడు. బోధన ఇలా నేర్చుకున్నందుకు ఏ సర్టిఫికెట్టూ రాదు.

ఫ్యాక్టరీ జనానికి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోరు. జూలియన్ ఆర్ అనే పరిశోధకుడు జిరాక్స్ కంపెనీలో యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగి 1996లో ఒక పుస్తకం రాశాడు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లో లేని లోపాలను వాళ్లు ఎలా పట్టుకుంటున్నారన్నది అతని ప్రశ్న. జవాబు హోటల్లో కాఫీ, భోజనాల దగ్గర దొరికింది. ఫలానా చోట ఫలానా యంత్రం ఎలా మొండికేసిందో, చివరికి ఏం చేస్తే దారికొచ్చిందో ఒకరికొకరు కథలుగా చెప్పుకునేవారు. పైవాళ్ల కంటికి అది కాలక్షేపం. ఆ కథలు లేకపోతే మాత్రం యంత్రాలు నడవవు. మల్కాపురం టీ కొట్ల దగ్గర షిఫ్టు దిగినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు చెప్పుకునే మాటల్లో కూడా సగం ఇలాంటివే. తేడా ఒక్కటే. ఫ్యాక్టరీలో షిఫ్టు అప్పగించేటప్పుడు మాట్లాడి తీరాలి, అది డ్యూటీలో భాగం. కాలేజీలో ఒక లెక్చరరు దిగి ఇంకొకరు ఎక్కేటప్పుడు మధ్యలో బెల్లు తప్ప ఏమీ ఉండదు.

కాలేజీ అధ్యాపకులకు ఇలాంటి మాటలు బాగా కలిసివచ్చే చోటు మన దగ్గర ఇంకొకటి ఉంది. దాని గురించి ఏ విద్యావేత్తా పెద్దగా రాసినట్టు కనబడదు. అది స్పాట్ వాల్యుయేషన్, అంటే పరీక్ష పేపర్లను అందరూ ఒకే చోట కూర్చుని దిద్దే శిబిరం.

స్పాట్ అంటే తిట్టుకోని లెక్చరరు ఉండడు. ఎండాకాలం, పెద్ద హాలు, తిరగని ఫ్యాన్లు, పేపర్ల కట్టలు, రెమ్యూనరేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. అయినా ఒక జిల్లాలోని అదే సబ్జెక్టు వాళ్లంతా ఒకే చోట రోజుల తరబడి కూర్చునేది అక్కడే. పొద్దున్నే మార్కుల పంపకం మీద చర్చ ఉంటుంది. సూత్రం రాసి లెక్క తప్పితే ఎన్ని మార్కులు? బొమ్మ సరిగా గీసి పేర్లు రాయకపోతే? ఇది గుమాస్తా చర్చలా కనిపిస్తుంది గానీ, నిజానికి పిల్లలకు ఈ పాఠంలో ఏది తప్పకుండా రావాలి అని తేల్చుకునే చర్చ ఇదే. సిలబస్ కమిటీల్లో కూడా ఇంత సూటిగా జరగదు. ఆ తర్వాత కట్టలు విప్పుతారు. అవన్నీ వేరే కాలేజీల పిల్లల పేపర్లు. వంద మంది ఒకే తప్పు ఒకే వాక్యంతో రాశారంటే అది గైడు నుంచి వచ్చింది. వంద మంది ఒకే తప్పు వంద రకాలుగా రాశారంటే, అక్కడ పాఠంలోనే ఏదో మెలిక ఉంది. "ఇదేటండీ, అందరూ ఇక్కడే పడ్డారు?" అని ఒకాయన పక్కాయనకు పేపరు తిప్పి చూపిస్తాడు. ఆ చూపించడంలో పరువు పోయేదేమీ లేదు, ఎందుకంటే అవి ఆయన పిల్లల పేపర్లు కావు. తమ క్లాసు తప్పును నలుగురిలో పెట్టడానికి వెనుకాడే మనిషి, ఊరూపేరూ లేని పేపరు మీద ధారాళంగా మాట్లాడతాడు. ఇప్పుడిప్పుడే పేపర్లు స్కాన్ చేసి కంప్యూటర్లో దిద్దించే పద్ధతి వస్తోంది. వేగం పెరుగుతుంది, పక్షపాతం తగ్గుతుంది, మంచిదే. పక్కవాడికి పేపరు తిప్పి చూపించడం మాత్రం పోతుంది.

మాట్లాడుకోవాల్సిన అవసరం ఆంధ్రాలో ఈ నాలుగైదేళ్లలో పెరిగిందే తప్ప తగ్గలేదు. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిషు మీడియంలోనే అని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. రెండు భాషల్లో పాఠ్యపుస్తకాలు వేస్తామంది. 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల పాత పద్ధతి పోయి ఒకే మేజర్ సబ్జెక్టు విధానం వచ్చింది. జీవోలు ఏం చెయ్యాలో చెప్పాయి. సోమవారం పొద్దున పది గంటలకు, పదో తరగతిదాకా తెలుగులో చదివిన పిల్లవాడికి ఆర్థిక శాస్త్రం ఇంగ్లిషులో ఎలా మొదలుపెట్టాలో ఏ జీవోలోనూ ఉండదు. అది లెక్చరర్లు ఒకరిదగ్గర ఒకరు తెలుసుకున్నారు. ముందు విషయం తెలుగులో మాట్లాడి, పారిభాషిక పదాలు మాత్రం బోర్డు మీద ఇంగ్లిషులో రాసి, చివర పది నిమిషాలు పిల్లలచేతే సొంత ఇంగ్లిషులో రెండు వాక్యాలు రాయించడం ఒక దారి. మొత్తం ఇంగ్లిషులో చెప్పేసి చివర తెలుగులో సారం చెప్పడం ఇంకొక దారి. రెండోదాంట్లో పిల్లలు మొదటి అరగంట చెవులు మూసుకుని చివరి ఐదు నిమిషాలకు తెరుస్తారన్నది చాలామంది చెప్పే మాట. ఇలాంటి తేడా సర్క్యులరులో దొరకదు. చేసి చూసినవాళ్లనే అడగాలి.

ఈ మార్పులకు ముందే కోవిడ్ ఇంకా పెద్ద పరీక్ష పెట్టింది. 2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డాక, గూగుల్ మీట్ తెరవడం ఎలాగో, ఫోన్ను పుస్తకాల దొంతర మీద నిలబెట్టి కాగితం మీద లెక్క చూపించడం ఎలాగో ఒకరికొకరు వాట్సాప్‌లో నేర్పుకున్నారు. ఆ కొద్ది నెలలు పాతికేళ్ల సర్వీసున్న ప్రొఫెసరు, మొన్న చేరిన గెస్టు లెక్చరర్ని మొహమాటం లేకుండా సందేహం అడిగాడు. మన విశ్వవిద్యాలయాల్లో ఇది చిన్న విశేషం కాదు.

ఇదంతా ప్రభుత్వాలకు తట్టని ఆలోచనేమీ కాదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 దాకా ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్, తర్వాత 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షుడయ్యాడు. హైస్కూలు, ఇంటర్మీడియట్ కాలేజీ ఉపాధ్యాయులకు విశ్వవిద్యాలయాలే రిఫ్రెషర్ కోర్సులు నడపాలని ఆ కమిషన్ చెప్పింది. విశ్వవిద్యాలయాల్లో చెప్పేవారి సంగతి తర్వాత వచ్చిన కొఠారీ విద్యా కమిషన్ ఎత్తుకుంది. కొత్తగా చేరిన లెక్చరరుకు సంస్థ అలవాటయ్యేందుకు కొంత వ్యవధి ఇవ్వాలి, మంచి అధ్యాపకుల క్లాసుల్లో కూర్చుని వినేలా ప్రోత్సహించాలి, ప్రతి విశ్వవిద్యాలయంలోనూ కొత్తవారికి ఓరియంటేషన్ ఉండాలి, పెద్దచోట్ల స్టాఫ్ కాలేజీలు పెట్టాలి అని 1966 నివేదికలో ఉంది. నాలుగు సిఫార్సులూ చదివితే నిన్న రాసినట్టుంటాయి.

వీటిలో అమలైంది చివరిది, అదీ ఇరవై ఏళ్లకు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీల పథకం తెచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఒకటి వచ్చింది, ఉస్మానియాలో, తిరుపతిలో కూడా వచ్చాయి. కొత్తవారికి నాలుగు వారాల ఓరియంటేషన్, తర్వాత మూడు వారాల రిఫ్రెషర్ ఉండేవి. 2015లో వీటి పేరు మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలైంది, 2023 సెప్టెంబరు 5న మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలైంది. పేరు మారినప్పుడల్లా బోర్డు కొత్తగా రాయించారు. ప్రమోషనుకు ఈ కోర్సులు తప్పనిసరి గనక హాళ్లు నిండాయి.

అక్కడ ఉపన్యాసాల కన్నా హాస్టల్ గదుల్లో రాత్రి భోజనాల తర్వాత నేర్చుకున్నదే ఎక్కువ అని వెళ్లొచ్చినవాళ్లు నవ్వుతూ అంటూంటారు. అందులో నవ్వులాట ఎంతో నిజమూ అంతే. శ్రీకాకుళం తెలుగు లెక్చరరు, కర్నూలు జువాలజీ లెక్చరరు నాలుగు వారాలు ఒకే గదిలో ఉండేవారు. ఒకరి ప్రమోషను మీద ఇంకొకరికి పెత్తనం లేదు. మళ్లీ కలుస్తారో లేదో తెలియదు. స్వీడన్ పరిశోధకులు చెప్పిన నమ్మకం పుట్టడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు కష్టం. 1958లో హైదరాబాదులో మొదలైన కేంద్రీయ ఇంగ్లిషు సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, దేశంలోని ఇంగ్లిషు అధ్యాపకులను రప్పించి క్యాంపస్‌లో ఉంచి చదివించింది. దాని ప్రభావంలో హాస్టలు వాటా ఎంతో ఎవరూ లెక్కగట్టలేదు. కోవిడ్ తర్వాత ఈ కోర్సుల్లో చాలా భాగం ఆన్‌లైన్‌లోకి వెళ్లింది. ఖర్చు తగ్గింది, చిన్నపిల్లలున్న తల్లులకు ఇంటినుంచే పూర్తిచేసే వీలు కలిగింది. కెమెరా ఆపి, పేరు మాత్రం తెర మీద ఉంచి వంట చేసుకునే వీలూ కలిగింది.

ఈ విషయంలో కాలేజీల కన్నా బడులే ముందున్నాయి. బ్రిటన్ సాయంతో 1980లలో మొదలై 1990ల మధ్యదాకా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టును పాత పంతుళ్లు ఏపీపెప్ అని గుర్తు చేసుకుంటారు. కొన్ని బడులకు కలిపి ఒక ఉపాధ్యాయ కేంద్రం పెట్టి, చుట్టుపక్కల టీచర్లను అక్కడ కలిపి, చేసిన పాఠం గురించి మాట్లాడుకోమనేవారు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, చుట్టూ ఉన్న పరిసరాలనే వాడుకోవాలి, పిల్లల పనిని గోడకు అంటించాలి వంటి ఆరు సూత్రాలు దానికి ఆధారం. తర్వాత వచ్చిన స్కూల్ కాంప్లెక్సు సమావేశాలకు ఇవే దారి వేశాయి. వైద్యవిద్యలో కూడా కదలిక వచ్చింది. 2009లో భారత వైద్య మండలి మెడికల్ కాలేజీల అధ్యాపకులకు బోధన మీద ప్రాథమిక కోర్సు మొదలుపెట్టింది. ఇలాంటి శిక్షణల్లో మైక్రో టీచింగ్ అని ఒకటుంటుంది. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన పద్ధతి. పెద్ద సర్జన్ అయినా సరే, తోటి డాక్టర్ల ముందు కొద్ది నిమిషాలు పాఠం చెప్పి, వాళ్లు ఏమంటారో నోరు మూసుకుని వినాలి. అలవాటు లేనివారికి అది ఆపరేషన్ కన్నా కష్టం.

స్టాఫ్ రూమ్ మాటలన్నీ ఆణిముత్యాలని ఎవరూ భ్రమపడక్కర్లేదు. డీఏ బకాయిలు, బదిలీలు, పక్క డిపార్టుమెంటు రాజకీయాలు తీసేస్తే మిగిలేది కొంచెమే. ఆస్ట్రేలియాలో కేట్ థామ్సన్, కీత్ ట్రిగ్వెల్ చేసిన అధ్యయనం 2018లో అచ్చయింది. అధ్యాపకులు తమలో తాము మాట్లాడుకోవడం వల్ల ఏం జరుగుతోందని వాళ్లు చూశారు. కొన్ని మాటలు ఉక్రోషం వెళ్లగక్కడానికి, కొన్ని 'నేను చేస్తున్నది సరే' అని ధైర్యం తెచ్చుకోవడానికి, కొన్ని రోజువారీ పని నెట్టుకురావడానికి. పాఠం బాగుపడేవి, ఆలోచనే మారేవి ఆ తర్వాత. అయితే ఉక్రోషం వెళ్లగక్కడం వృథా అనుకోకూడదు. బల్బుల మాట మొదలైంది ఫిర్యాదుతోనే.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం, నమ్మకం ఉన్న నలుగురూ ఒకేలా ఆలోచించడం. మార్క్ గ్రానోవెటర్ 1973లో చూపించినట్టు, కొత్త కబురు దగ్గరి స్నేహితుల కన్నా ముఖపరిచయం ఉన్నవాళ్ల నుంచే ఎక్కువగా వస్తుంది. పిల్లల్లో పస లేదని నలుగురూ ఏకగ్రీవంగా తీర్మానించుకున్న స్టాఫ్ రూములో పాతికేళ్లు కూర్చున్నా ఎవరి పాఠమూ మారదు. స్పాట్ లాంటి చోట్లు అందుకే అవసరం.

ఇంకో సంగతి. ఈ మాటల్లోకి అందరికీ ప్రవేశం లేదు. చాలాచోట్ల అసలు కబుర్లు కాలేజీ గేటు బయట టీ కొట్టు దగ్గర నడుస్తాయి, అక్కడ మహిళా అధ్యాపకులు కనబడరు. ఏళ్ల తరబడి శాశ్వత నియామకాలు సాగక విశ్వవిద్యాలయాల్లో క్లాసుల్లో పెద్ద భాగం గెస్టు, కాంట్రాక్టు అధ్యాపకుల మీదే నడుస్తోంది. పీరియడుకింత అని డబ్బు తీసుకునే మనిషి బెల్లు కొట్టగానే ఇంకో కాలేజీకి బస్సు ఎక్కాలి. మల్కాపురం నుంచి పెదవాల్తేరుకూ, అక్కణ్ణుంచి మరో చోటికీ తిరిగే ఆ మనిషికి లీజర్ పీరియడ్ అన్నదే లేదు. అందరికన్నా ఎక్కువ క్లాసులు చెప్పేది అతనే, బోధన గురించి మాట్లాడే అవకాశం అందరికన్నా తక్కువున్నదీ అతనికే. రెగ్యులర్ వాళ్ల పరిస్థితీ అంతంతే. 2010 యూజీసీ నిబంధనలతో పాయింట్ల లెక్క వచ్చింది, కాలేజీలకు గ్రేడిచ్చే న్యాక్ ఫైళ్లు వచ్చాయి. పేపరు అచ్చేస్తే పాయింటు, సదస్సుకు వెళ్తే పాయింటు. పక్క లెక్చరరుతో గంటసేపు ఒక ప్రశ్న మీద తలపట్టుకుంటే సున్నా.

పోనీ దానికీ పాయింట్లిద్దాం అని ఎవరైనా అంటే మాత్రం అడ్డుపడాలి. 'సహోద్యోగులతో బోధనా సంభాషణల రిజిస్టరు' అని ఒకటి పెట్టించి, జియోట్యాగ్ ఫొటోలు అంటించమన్న మరుక్షణం ఆ మాటలు ఆగిపోతాయి, రిజిస్టరు నిండుతుంది. నమ్మకం మీద నడిచేదాన్ని తనిఖీ కిందకు తేవడం వల్ల వచ్చే నష్టం అది. కాలేజీ చెయ్యగలిగింది అంతకన్నా చిన్నది, తేలికైనది. ఒకే సబ్జెక్టు వాళ్లకు వారంలో ఒక్క పీరియడైనా ఒకేసారి ఖాళీ వచ్చేలా చూడటం, గెస్టు లెక్చరరుకు ఆ పీరియడుకూ డబ్బివ్వడం, తాళం వెయ్యని స్టాఫ్ రూమ్ ఒకటి ఉంచడం. కొత్తగా చేరినవారిని నెలరోజులు సీనియర్ల క్లాసుల్లో వెనక బెంచీ మీద కూర్చోనివ్వడం, దానిమీద రిపోర్టు అడగకపోవడం. సీనియర్లు కూడా అప్పుడప్పుడు వెళ్లి కొత్తవారి వెనక బెంచీలో కూర్చుంటే మరీ మంచిది.

జూన్ నెలలో ప్రతి డిపార్టుమెంటులోనూ హెచ్‌వోడీ టైంటేబుల్ వేస్తారు. కొఠారీ కమిషన్ 1966లో అడిగిన ఆ వెనక బెంచీకి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఈసారి టైంటేబుల్ వేసే హెచ్‌వోడీలు ఆ బెంచీకి చోటిచ్చి, అందరికీ కలిసొచ్చే ఒక్క పీరియడ్ ఖాళీగా వదలాలి.